జపాన్ వేలాల్లో అమ్ముడుపోని పాత కార్లకు బేరం: మొదట ఎంత చెప్పాలి?

నగోయావాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఐచి ప్రిఫెక్చర్‌లోని ఒక చిన్న ఎగుమతి సంస్థలో నేను ఇటీవలే చేరాను. వేలంలో పాత కార్లు కొని కెన్యాలోని మొంబాసా రేవుకు పంపడం మా పని. పాత కార్ల వేలాలు నడిపే యూఎస్ఎస్ సంస్థ గురువారం నోదాలో జరిపే యూఎస్ఎస్ టోక్యో వేలంలోనూ, శుక్రవారం జరిగే యూఎస్ఎస్ నగోయా వేలంలోనూ మావాళ్లు కార్యాలయం నుంచే బిడ్ వేస్తారు. అమ్మకందారు పెట్టుకున్న కనీస ధర అందక నిలిచిపోయిన కార్లకు ఆ తర్వాత బేరం పెట్టే పనిని, అంటే ఇక్కడ షోదాన్ అనేదాన్ని, మా పై అధికారి నాకు అప్పగించారు.

బిడ్ ఎక్కడ ఆగిందో తెరపై కనిపిస్తుంది కానీ కనీస ధర ఎంతో కనిపించదు. ఒక టొయోటా అక్వా 6,20,000 యెన్ల దగ్గర ఆగిపోయిందనుకుందాం. నేను మొదట చెప్పే ధర దానికి పైన ఉండాలా, కింద ఉండాలా? ఎవరూ కొనలేదు కాబట్టి అమ్మకందారు తప్పక దిగివస్తాడని మా కార్యాలయంలో కొందరు అంటున్నారు. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చో అనుభవం ఉన్నవారు వివరించగలరని కోరుతున్నాను.

చక్రం

నగోయావాసి గారూ, ఆ అక్వాకు 6,20,000 కంటే తక్కువ చెప్పడం వల్ల ప్రయోజనం ఉండదు. బిడ్లు పెరుగుతున్న ఆ కొద్ది సెకన్లలోనే కనీస ధరను తగ్గించి అమ్మేయడానికి అమ్మకందారుకు వీలుంటుంది. వీలుండి కూడా ఒప్పుకోలేదంటే ఆ ధరను అతను అప్పటికే కాదన్నాడని అర్థం. కాసేపటికి ఫోన్‌లో అంతకంటే చిన్న అంకె వినిపిస్తే, మిమ్మల్ని నిజంగా కొనే మనిషిగా అతను లెక్కలోకి తీసుకోడు.

అయితే తెరపై ఉన్న అంకె పోటీలో వచ్చిందో లేదో ముందు చూసుకోండి. ఒక్కరూ బిడ్ బటన్ నొక్కకుండా నిలిచిపోయిన కారుకు కూడా ప్రారంభ ధర కనిపిస్తూనే ఉంటుంది. అది ఎవరో ఇస్తానన్న ధర కాదు, అక్కడి నుంచి మొదలుపెట్టమని అమ్మకందారు అడిగిన ధర మాత్రమే. యూఎస్ఎస్‌లో బటన్ నొక్కినప్పుడల్లా 3,000 యెన్లు పెరుగుతాయి కదా, అలా మెట్టు మెట్టుగా చాలా దూరం ఎక్కి ఆగిన కారునూ, మొదట్లోనే కదలకుండా ఉండిపోయిన కారునూ ఒకే తీరుగా చూడకూడదు. మొదటిది కొనేవాళ్లకు నచ్చిన కారు, పేచీ ధర దగ్గర మాత్రమే వచ్చింది. రెండోదాన్ని వందలమంది చూసి వదిలేశారు, వాళ్లకు కనిపించినదేదో మీకు ఇంకా కనిపించలేదన్నమాట.

అందుకే నేను ఎంత చెప్పాలన్న ప్రశ్న కంటే ఎందుకు ఆగిందన్న ప్రశ్నకే ఎక్కువ సమయం ఇస్తాను. ఆక్షన్ షీట్‌ను, అంటే కారు పరిస్థితిపై వేలం కేంద్రం తనిఖీదారు రాసే నివేదికను, మళ్లీ మొదటి నుంచి చదవండి. గ్రేడు 4 అని ఉన్నంత మాత్రాన తృప్తిపడకుండా, కారు బొమ్మపై W గుర్తులు, అంటే మరమ్మతు చేసి రంగు వేసిన తర్వాత మిగిలిన అలలు, ఎన్నిచోట్ల ఉన్నాయో, XX గుర్తుతో మార్చిన భాగాలు ఏవో చూడండి. గ్రేడు R లేదా RA అయితే ఫ్రేమ్‌కు చెందిన భాగానికి మరమ్మతు జరిగిన చరిత్ర ఉందని లెక్క. తనిఖీదారు చేత్తో రాసిన వ్యాఖ్యలను అనువాదంలో సంక్షిప్తంగా కాకుండా పూర్తిగా చదివించుకోండి, ఎందుకంటే అడుగుభాగం తుప్పు, సీట్ల వాసన, గేర్ మార్పులో కుదుపు వంటివి గ్రేడులో కంటే ఆ గీతల్లోనే బయటపడతాయి. హొక్కైదో, తొహొకు వంటి మంచు ప్రాంతాల్లో శీతకాలం రోడ్లపై ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడ తిరిగిన కార్ల అడుగుభాగం విషయంలో ఈ శ్రద్ధ మరింత అవసరం. వేలం రోజున కారు ఇంకా యార్డులోనే ఉంటుంది, కాబట్టి వీలైతే అక్కడున్న మనిషిని పంపి స్వయంగా చూపించండి. ఈ ఖర్చుకు వెనకాడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఓడరేవు

చక్రం గారు కారు వైపు నుంచి చెప్పారు, నేను అమ్మకందారు వైపు నుంచి చెబుతాను. కొన్ని సంవత్సరాలుగా నేను కార్లు వేలానికి పెట్టే పనిలోనే ఉన్నాను.

అమ్మకందారు తప్పక దిగివస్తాడన్న మాట కొందరి విషయంలోనే నిజం. కారు అమ్ముడుపోకపోతే వచ్చే వారం మళ్లీ పెట్టడానికి మళ్లీ ప్రవేశ రుసుము కట్టాలి, వేరే వేలానికి మార్చాలంటే రవాణా ఖర్చు కూడా తోడవుతుంది. ఈలోగా పెట్టుబడి అందులోనే ఇరుక్కుని ఉంటుంది. కొత్త కారు అమ్మి, దానికి బదులుగా పాత కారు తీసుకున్న డీలరుకు ఆ పాత కారు వీలైనంత త్వరగా కదలాలి, అతనితో బేరం కుదిరే అవకాశం ఎక్కువ. మార్కెట్టును పరీక్షించడానికే ఎక్కువ కనీస ధర పెట్టి, కుదిరితే అమ్ముదాం, లేకపోతే మన దగ్గరే అమ్ముకుందాం అనుకునే వ్యాపారి వేరు. అతనికి సొంత అమ్మకపు స్థలం ఉంది, తొందర లేదు. అదే కారు గత వారాల్లో ఎక్కడైనా వేలానికి వచ్చిందేమో పాత ఫలితాల్లో వెతకండి. ప్రతిసారీ దాదాపు ఒకే ధర దగ్గర ఆగి వెనక్కి పోతూ ఉంటే అతను రెండో రకం మనిషి, అతని వెంట పడి సమయం పోగొట్టుకోవద్దు. మొదటిసారి వచ్చి, గట్టి పోటీ తర్వాత ఆగితే మాత్రం వెంటనే మాట్లాడండి. నా అనుభవంలో అదే రోజు వచ్చిన ప్రతిపాదనకు ఉన్న విలువ మర్నాడు వచ్చినదానికి ఉండదు, ఈలోగా అమ్మకందారు మనసు తర్వాతి వేలం వైపు మళ్లుతుంది.

కాలం కూడా మీకు సాయం చేస్తుంది. మే మొదట్లో గోల్డెన్ వీక్ సెలవులు, ఆగస్టు మధ్యలో ఓబోన్ పండుగ సెలవులు, సంవత్సరాంతపు సెలవులు, ఈ మూడు సమయాల్లో వేలాలు ఆగిపోతాయి. సెలవులకు ముందు చివరి వేలంలో కారు నిలిచిపోతే తర్వాతి అవకాశం కోసం చాలా రోజులు ఎదురుచూడాలని అమ్మకందారుకు తెలుసు. వాహన పన్ను ఏప్రిల్ 1 నాటి యజమాని పేరిట పడుతుంది కాబట్టి మార్చి చివరి వారాల్లో కూడా కొందరు తగ్గుతారు.

మీరు కెన్యా అన్నారు కనుక ఇంకొక మాట. అక్కడ తొలి రిజిస్ట్రేషన్ నుంచి ఎనిమిదేళ్ల పరిమితి ఉంది, జనవరి 1 రాగానే ఒక సంవత్సరం నాటి కార్లన్నీ ఆ పరిధి దాటిపోతాయి. ఓడ ప్రయాణానికి పట్టే కాలాన్ని కలుపుకుంటే, అంచున ఉన్న సంవత్సరపు కార్లకు కెన్యా కొనుగోలుదారులు శరదృతువులోనే వెనక్కి తగ్గుతారు. అలాంటి కారు చౌకగా వస్తోందని అప్పుడు పట్టుకుంటే నష్టం మీదే.

నగోయావాసి

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. పోటీ జరిగిన కారునూ, ప్రారంభ ధర దగ్గరే ఆగిన కారునూ నేను ఇంతవరకు ఒకే గాటన కట్టేస్తున్నాను. ఇంకొక సందేహం ఉంది. అమ్మకందారు 6,80,000 అని ఎదురు ధర చెప్పాడనుకోండి, మధ్యలో ఎక్కడ ఆగాలి? అలాగే ఒకే రకం కార్లు రెండు నిలిచిపోతే రెండింటికీ ప్రతిపాదన పంపి, ముందు ఎవరు ఒప్పుకుంటే వాళ్ల దగ్గర కొనవచ్చా?

తూకం

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను, ఎందుకంటే దానిలోనే ప్రమాదం ఉంది. అలా చేయకండి. వేలం కేంద్రానికి మీరు ఒక ధర ఇచ్చి, అమ్మకందారు దానికి సరేనంటే కొనుగోలు పూర్తయినట్టే. వేలంలో గెలిచిన బిడ్‌కు ఎంత కట్టుబడి ఉండాలో దీనికీ అంతే కట్టుబడి ఉండాలి. ఇద్దరూ ఒప్పుకుంటే రెండు కార్లూ మీవే అవుతాయి. వెనక్కి తగ్గితే జరిమానా కట్టవలసి రావచ్చు, దాని కంటే ముఖ్యంగా మీ సంస్థ సభ్యత్వానికి మచ్చ పడుతుంది. ఒకదానికి కాదని జవాబు వచ్చాకే రెండోదానికి వెళ్లండి.

ఎక్కడ ఆగాలన్నది ఆ ఫోన్‌లో తేల్చుకునే విషయం కాదు. మొంబాసాలో ఆ అక్వా ఎంతకు పోతుందో అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రండి. ఓడ కిరాయి, రేవు వరకు రవాణా, వేలం కేంద్రం కొనుగోలుదారు నుంచి తీసుకునే రుసుము, మీ లాభం, ఇవన్నీ తీసేశాక మిగిలేదే మీ పైధర, అంటే మీరు దాటకూడని గరిష్ఠ ధర. వినియోగ పన్ను 2019 అక్టోబరు నుంచి 10 శాతం ఉంది, ఎగుమతిదారుకు అది తిరిగి వస్తుంది. కారును చివరికి తుక్కు చేయడానికి ముందే జమచేసే రీసైకిల్ రుసుమును, అమ్మకందారుకు మీరు కట్టేదాన్ని, కూడా ఎగుమతి తర్వాత దరఖాస్తు చేసి రాబట్టుకోవచ్చు. ఇవి తిరిగి వస్తాయి కదా అని లెక్కలోంచి పూర్తిగా తీసేయకండి, అవి చేతికి వచ్చేదాకా మీ డబ్బు అందులో ఇరుక్కుని ఉంటుంది.

పైధర 6,55,000 అని తేలిందనుకోండి. మొదట 6,40,000 చెప్పండి, అమ్మకందారు 6,80,000 అంటే నేరుగా 6,55,000కు వెళ్లి, ఇదే చివరి మాట అని స్పష్టంగా తెలియజేయండి. ఐదు వేలు, మూడు వేలు అంటూ పెంచుతూ పోతే ఇంకా వస్తుందనే ఆశతో అతను వేచి చూస్తాడు. మధ్యలో మాట చేరవేసే వేలం కేంద్రం ఉద్యోగికి కూడా అదే రోజు ఇలాంటి బేరాలు ఎన్నో ఉంటాయి, ఆయన సమయాన్ని గౌరవించేవాళ్ల పని ముందు జరుగుతుంది.

బేరంలో కొన్న కారులో షీట్‌లో లేని లోపం బయటపడితే ఫిర్యాదు చేసే గడువు, షరతులు ఒక్కో వేలం కేంద్రానికి ఒక్కో విధంగా ఉంటాయి. మీరు పాల్గొనే రెండింటి నియమావళినీ ముందే చదివి, గడువు తేదీని ప్రతి కొనుగోలు కాగితంపైనా రాసి పెట్టుకోండి. కారు మీ యార్డుకు చేరగానే షీట్ చేతిలో పట్టుకుని పోల్చి చూసే మనిషి ఎవరో కూడా ముందే నిర్ణయించండి.