సీరియల్ ముగింపు మీద పందెం: ఫలితం ముందే తెలిసినవాళ్లు ఉన్నప్పుడు అది న్యాయమైన పందెమేనా?

ప్రశ్న – థేమ్స్ ఒడ్డు తెలుగు

నేను లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి బెట్టింగ్ సంస్థలు గుర్రప్పందేలు, ఫుట్‌బాల్ మ్యాచ్‌లతో పాటు టీవీ సీరియళ్ల కథ మీద కూడా పందేలు తీసుకుంటాయి. హంతకుడు ఎవరు, ఏ పాత్ర చనిపోతుంది, ఎవరి పెళ్లి ఆగిపోతుంది, ఇలా దేని మీదైనా రేటు కడతారు. ఆట ముగిసేదాకా మ్యాచ్ ఫలితం ఎవరికీ తెలియదు కాబట్టి అక్కడ ఇరుపక్షాల వాళ్లూ ఒకే స్థితిలో ఉంటారు. సీరియల్‌కైతే రచయితలు, ఎడిటర్లు, నటీనటులు, డబ్బింగ్ సిబ్బంది, ఇంతమందికి ప్రసారానికి నెలల ముందే అంతా తెలిసి ఉంటుంది. అటువంటప్పుడు దీన్ని చట్టం ఎలా అనుమతిస్తోంది? సంస్థలు నష్టపోకుండా ఎలా నెట్టుకొస్తున్నాయి? హైదరాబాద్‌లో ఉన్న మా బావగారు తన తరఫున కూడా ఒక పందెం కాయమని అడుగుతున్నారు. అందులో చిక్కులేమైనా ఉన్నాయా?

జవాబు – పాత టీవీ అభిమాని

మీ సందేహం అమెరికాలో 1980లోనే వచ్చింది. ఆ ఏడాది మార్చి 21న సీబీఎస్ ఛానల్‌లో ‘డల్లాస్’ సీరియల్ సీజన్ చివరి ఎపిసోడ్‌లో జె.ఆర్. ఈవింగ్ అనే ప్రధాన పాత్రను ఎవరో కాల్చారు. కాల్చింది ఎవరన్నది నవంబర్ 21 దాకా చెప్పలేదు. నటీనటుల సమ్మె వల్ల కొత్త సీజన్ ఆలస్యం కావడంతో ఆ ఉత్కంఠ ఎనిమిది నెలలు సాగింది. ఎక్కడ చూసినా అదే చర్చ, దానితోపాటే పందేలు. గుట్టు బయటపడకుండా ఉండాలని నిర్మాతలు వేర్వేరు పాత్రలు కాల్చినట్టుగా సన్నివేశాలు తీశారు కాబట్టి, సెట్‌లో ఉన్నవాళ్లలో కూడా చాలామందికి అసలు ముగింపు ఏదో తెలియలేదు.

లాస్ వేగాస్‌లోని కాస్టవేస్ క్యాసినోలో పందేల విభాగం నడిపిన సన్నీ రైజ్నర్ ఒక్కో అనుమానితుడికి ఒక్కో రేటు కట్టి పందేలు తీసుకోవడం మొదలుపెట్టారు. నెవాడా రాష్ట్ర గేమింగ్ అధికారులు దాన్ని ఆపించి, తీసుకున్న డబ్బు తిరిగి ఇప్పించారు. ఫలితం ఎవరో ఒకరికి ముందే తెలిసిన విషయం మీద పందెం తీసుకోకూడదన్నది వాళ్ల వాదన. నా దృష్టిలో మీ ప్రశ్నకు ఇంతవరకు వచ్చిన జవాబుల్లో అదే సూటైనది. చివరికి కాల్చింది జె.ఆర్. మరదలు క్రిస్టిన్ అని తేలిన ఎపిసోడ్‌ను అమెరికాలో సుమారు 8.3 కోట్ల మంది చూశారు.

జవాబు – రేట్లు చదివే మనిషి

బ్రిటన్ చట్టం నెవాడా దారిలో నడవలేదు. 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ఒక సంఘటన ఇప్పటికే జరిగిపోయినా, దాని ఫలితం ఇరుపక్షాలలో ఒకరికి తెలిసినా, దాని మీద కాసినది పందెమే అవుతుంది. అయితే అదే చట్టంలోని 42వ సెక్షన్ పందెంలో మోసం చేయడాన్ని, గెలిచినా గెలవకపోయినా, నేరంగా పరిగణిస్తుంది. 336వ సెక్షన్ కింద అన్యాయంగా తోచిన పందేన్ని రద్దు చేసే అధికారం అక్కడి పందేలను నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్‌కు ఉంది.

ఇక సంస్థల జాగ్రత్తల సంగతి. ఫుట్‌బాల్ మీద పెద్ద మొత్తాలు తీసుకునే సంస్థ సీరియల్ మీద చిన్న మొత్తానికే పరిమితి పెడుతుంది. ఒకే పాత్ర మీద ఉన్నట్టుండి డబ్బు కుమ్మరిస్తున్నారంటే ఆ పందేన్నే మూసేస్తుంది. రేటు ఎలా కదులుతుందో చూడండి. ఒక పాత్రకు 10కి 1 ఉందంటే, వంద పౌండ్లు కాసి గెలిచినవాడికి వెయ్యి పౌండ్ల లాభం, దాని మీద తన వంద వెనక్కి. ఎక్కడో సమాచారం పొక్కి నలుగురూ అదే పాత్ర మీద కాయడం మొదలుపెడితే ఆ 10 ఐదవుతుంది, రెండవుతుంది, చివరికి కాసిన దానికన్నా తక్కువ లాభం వచ్చే స్థాయికి పడిపోతుంది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. సింహాసనం ఎవరికి దక్కుతుందన్న పోరాటం మీద నడిచిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్ చివరి సీజన్ చిత్రీకరణ 2018లోనే ముగిసింది. 2019 మే 19న ఆఖరి ఎపిసోడ్ ప్రసారం కాకముందే బ్రాన్ స్టార్క్ పాత్ర బెట్టింగ్ సంస్థల దగ్గర ఫేవరెట్ (అందరికన్నా ఎక్కువ అవకాశం ఉన్నట్టు రేటు కట్టిన పాత్ర) అయిపోయింది, సింహాసనం చివరికి ఆ పాత్రకే దక్కింది. ఒక్క పైసా కాయని ప్రేక్షకుడికి కూడా పేపర్లో వచ్చిన రేట్ల పట్టికే ముగింపు చెప్పేసింది. బ్రిటన్ సీరియల్ ‘ఈస్ట్‌ఎండర్స్’లో లూసీ బీల్ అనే పాత్ర హత్య కథను 2014 ఏప్రిల్ నుంచి 2015 ఫిబ్రవరి దాకా నడిపి, హంతకుడు ఆమె తమ్ముడు బాబీ అని వెల్లడించారు. ఆ నిజాన్ని అతి కొద్దిమంది దగ్గరే ఉంచడానికి ఆ బృందం ఎంత శ్రమపడిందో తలచుకుంటే, అటువంటి రహస్యం నుంచి డబ్బు చేసుకోవడానికి ఎవరైనా ఉప్పందించడం ఆ శ్రమకు ద్రోహమే అనిపిస్తుంది. పందెం డబ్బు పోయినవాళ్ల కన్నా, నెలల తరబడి ఎదురుచూసిన ప్రేక్షకుడికే ఎక్కువ నష్టం జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను.

థేమ్స్ ఒడ్డు తెలుగు

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రేటు పడిపోవడమే కథను బయటపెడుతుందన్న సంగతి నేను ఆలోచించలేదు. మా బావగారి విషయం కూడా ఎవరైనా చెప్పగలరా?

జవాబు – కోర్టు కాగితాలు

మీ బావగారికి సున్నితంగా కాదని చెప్పండి. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అటువంటి సవరణే జరిగింది. వీటిపైన 2025 ఆగస్టులో కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధించింది. ఆ చట్టం శిక్షలు ఆడేవాళ్లకు కాదు, నడిపేవాళ్లకు, ప్రచారం చేసేవాళ్లకు, డబ్బు బదిలీకి తోడ్పడేవాళ్లకు. అందుకే, మధ్యవర్తిగా నిలబడేది మీరు కాబట్టి, జాగ్రత్త ముందుగా మీకే అవసరం. విదేశీ మారకద్రవ్య నిబంధనలు కూడా లాటరీ టికెట్లు, ఫుట్‌బాల్ పూల్స్ (మ్యాచ్ ఫలితాల మీద ఉమ్మడి పందేలు), స్వీప్‌స్టేక్స్ (అందరి డబ్బూ కలిపి గెలిచినవాళ్లకు ఇచ్చే పందేలు) వంటివాటి కోసం భారత్ నుంచి డబ్బు పంపడాన్ని నిషేధించాయి.

మరొక మాట కూడా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం మన దేశంలో పందెం ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచామని చెప్పే సొమ్మును రాబట్టుకోవడానికి ఇక్కడి కోర్టులో దావా వేయడం కుదరదు. మీరు అక్కడ మీ సొంత డబ్బుతో, అక్కడి చట్టానికి లోబడి కాస్తే అది మీ ఇష్టం. ఆయన డబ్బు మాత్రం ముట్టుకోకండి.