రెండు గంటల్లో ముగిసే ‘గోరోగోవా’: ఇందులో మనం నిజంగా ఆలోచిస్తున్నామా?

ప్రశ్న – గళ్లనుడి

ఇండీ (పెద్ద సంస్థల ఊతం లేకుండా చిన్న బృందాలు చేసే) పజిల్ వీడియో గేమ్‌లు ఇష్టపడేవారు ఎవరిని కదిపినా ‘గోరోగోవా’ పేరు చెబుతుండడంతో నేనూ ఆడి చూశాను. తెరమీద నాలుగు గడులుంటాయి. వాటిలోని బొమ్మలను జరపడం, ఒక బొమ్మ లోపలికి వెళ్లడం, బయటికి రావడం, అవసరమైతే ఒకదానిమీద మరొకటి పెట్టడం తప్ప ఆటగాడు చేయవలసిందేమీ లేదు. ఎక్కడా ఒక్క సంభాషణ గానీ, చదవవలసిన వాక్యం గానీ రాదు. నగరంపైన కనిపించిన ఒక రంగురంగుల భారీ ప్రాణికి సమర్పించడానికి ఒక కుర్రవాడు అయిదు పండ్లను గిన్నెలోకి సేకరించడమే కథ అని స్థూలంగా చెప్పవచ్చు.

బొమ్మల అందం గురించి నాకు రెండో మాట లేదు. అయితే ఒకే విడతలో ఆట పూర్తయ్యాక ఒక సందేహం మిగిలింది. చాలాచోట్ల నేను చిక్కును అర్థం చేసుకొని విప్పానా, లేక బొమ్మలను అటూ ఇటూ జరుపుతుండగా ఏవో రెండు అతుక్కొని దారి దానంతటదే తెరుచుకుందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. పజిల్‌గా దీనిని మీరు ఏ మేరకు మెచ్చుకుంటారు? చివరి ఘట్టాల గుట్టు విప్పకుండా చెప్పగలిగితే, ఇంకా ఆడనివారు కూడా నిశ్చింతగా చదువుకోగలుగుతారు.

సమాధానం – చిత్రలేఖ

గళ్లనుడి గారూ, ఈ గేమ్‌లో ఆలోచన వేరుగా, చూపు వేరుగా ఉండవు కనుక మీకు ఆ సందేహం రావడం సహజమే. ఆరంభంలోనే వచ్చే ఎర్రపండు సంగతి తీసుకోండి. ఒక గడిలో కొమ్మకు వేలాడుతున్న పండు ఉంది, వేరే గడిలో గిన్నె ఉంది. కొమ్మపై కాకి వాలితే పండు రాలుతుంది. గిన్నె ఉన్న బొమ్మను సరిగ్గా కొమ్మ కిందికి తెచ్చిపెట్టినప్పుడు, రాలిన పండు గడి అంచును దాటి కిందిగడిలోకి వచ్చి గిన్నెలో పడుతుంది. రెండు గడుల మధ్యనున్న ఆ గీత సరిహద్దు కాదని, పైగడిలో జరిగినది కిందిగడిలోనూ జరిగినట్టేనని ఆటగాడికి ఒక్క సూచన కూడా రాయకుండా నేర్పే తీరు అది.

అంతకంటె గొప్పది ద్వారబంధం. ఒక దృశ్యంలో కనిపించే గుమ్మాన్ని వేలితో పట్టి లాగితే ఆ చట్రం బొమ్మనుంచి ఊడి చేతికొస్తుంది, దాని వెనుక ఉన్న బొమ్మ అక్కడే మిగులుతుంది. ఆ చట్రాన్ని వేరొక దృశ్యంపై ఆనిస్తే, కుర్రవాడు ఇక్కడ గడప దాటి అక్కడ అడుగుపెడతాడు. ఇలాగే ఆకాశంలోని నక్షత్రం వేరే గదిలోని దీపానికి వెలుగవుతుంది. దూరం, పరిమాణం, కాలం అనే మూడింటినీ పక్కనబెట్టి ఆకారాన్ని మాత్రమే చూడమంటున్నదీ గేమ్. ఆ చూపు అలవడిన తర్వాత చేయి ముందు కదిలిందా, బుద్ధి ముందు కదిలిందా అని విడదీయడం సాధ్యం కాదు, ఆ అవసరమూ లేదని నా అభిప్రాయం.

సమాధానం – మూడో పెట్టె

చిత్రలేఖ గారు చెప్పిన రెండు ఘట్టాల గొప్పదనాన్ని ఒప్పుకుంటూనే, అసలు ప్రశ్నకు నేను వ్యతిరేక దిశలో జవాబిస్తాను. నాలుగు బొమ్మలను నాలుగు గడుల్లో అమర్చడానికి 24 విధాలే ఉన్నాయి. చేతిలో రెండు బొమ్మలే ఉంటే 12 విధాలే. బొమ్మ లోపలికీ బయటికీ వెళ్లే వీలును కలుపుకున్నా, ఒక్కో సందర్భంలో పరీక్షించవలసిన కలయికలు ఓపికున్నవాడికి లెక్కలోకి రానంత తక్కువ. పైగా ఈ ఆటలో ఓడిపోవడం అనేది లేదు. పెట్టెలను వాటి వాటి చోట్లకు తోయవలసిన ఆట, జపాన్‌లో 1982లో విడుదలైన ‘సోకోబాన్’లో పెట్టెను తోయవచ్చు గానీ లాగలేము గనుక, అది ఒకసారి మూలకు చేరిందంటే ఆ లెవెల్ మళ్లీ మొదలుపెట్టవలసిందే. అందువల్ల తోసే ముందు నాలుగు అడుగుల అవతలిదాకా ఊహించక తప్పదు. గోరోగోవాలో తప్పు కదలికకు మూల్యమే లేదు కాబట్టి ఊహించకపోయినా నడిచిపోతుంది.

ఆట మధ్యభాగంలో చక్రాలను, మెట్లను ఒకదానితో ఒకటి జతపరిచే ఘట్టాల్లో ఈ లోపం స్పష్టంగా కనబడుతుంది. అక్కడ జవాబు దొరికాక “ఇది నాకు ముందే తట్టవలసింది” అనిపించదు, “ఇది కూడా కుదురుతుందా” అనిపిస్తుంది. మొదటిది మంచి పజిల్‌కు గుర్తు, రెండోది మంచి ఇంద్రజాలానికి గుర్తు. ఇంద్రజాలం చూడడానికి నాకేమీ అభ్యంతరం లేదు గానీ, పజిల్‌ల పట్టికలో దీనిని, పదాల దిమ్మెలను తోసి ఆట నియమాలనే మార్చే ‘బాబా ఈజ్ యూ’ పక్కన కూర్చోబెట్టేవారితో మాత్రం ఏకీభవించలేను.

సమాధానం – వేలికొస

ఒక చిన్న సంగతి: టచ్ తెర ఉన్న ఫోన్‌లోనో, చేతిలో పట్టుకున్న నింటెండో స్విచ్ (చేతిలో పట్టుకొని ఆడదగిన గేమ్ యంత్రం)లోనో ఆడినప్పటి అనుభవం వేరు, కంట్రోలర్‌తో కర్సర్‌ను నెట్టుకుంటూ ఆడినప్పటి అనుభవం వేరు. ద్వారబంధాన్ని వేలితో ఊడదీయడంలో ఉన్న ఆశ్చర్యం కర్సర్‌తో సగానికి సగం పోతుంది. తాకదగిన చోట్లను వలయాలతో చూపించే హింట్ ఒకటి సెట్టింగ్స్‌లో ఉంది, దానిని తీసేసి ఆడితే మూడో పెట్టె గారి ఫిర్యాదు కూడా కొంత తగ్గుతుందని నా నమ్మకం.

సమాధానం – గళ్లనుడి

24 విధాల లెక్క నా సందేహానికి సరైన రూపమిచ్చింది, ధన్యవాదాలు. నేను ఆడినప్పుడు ఆ వలయాలు కనిపిస్తూనే ఉన్నాయి. మరొక్క ప్రశ్న: ఇంత తక్కువ నిడివిని మీరు లోపంగా చూస్తారా? ఇదే పద్ధతిలో ఇంకో పది ఘట్టాలు ఉంటే బాగుండేదన్న మాట చాలామంది నోట విన్నాను.

సమాధానం – నిదానం

గళ్లనుడి గారూ, ఇంకో పది ఘట్టాలు అనేది సోకోబాన్ విషయంలో చెల్లుతుంది. అక్కడ గోడలనూ పెట్టెలనూ కొత్తగా పేరిస్తే కొత్త లెవెల్ తయారవుతుంది. అందుకే అలా తోసే పద్ధతిలోనే 2019లో వచ్చిన ‘బాబా ఈజ్ యూ’ 200కు పైగా లెవెల్స్‌ను మోయగలిగింది. గోరోగోవాలో ఒక బొమ్మలోని వంపు మరో బొమ్మలోని వంపుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, ఆ కలయికలో కథ కూడా ఒక అడుగు ముందుకు వేయాలి. కాబట్టి ప్రతి ఘట్టానికీ బొమ్మలన్నీ మొదటినుంచీ గీయవలసిందే. ఆ బొమ్మలను చేత్తో గీసినది జేసన్ రాబర్ట్స్ ఒక్కరే. నమూనా ఆట 2012లో బయటికి వస్తే, పూర్తి ఆట 2017 డిసెంబరులో గానీ రాలేదు. మరుసటి ఏడాది బ్రిటన్‌కు చెందిన బాఫ్తా సంస్థ ఇచ్చే తొలి ఆట పురస్కారం దీనికే దక్కింది. పొడవు పెంచమనడం అంటే అదే ఆటను ఇంకా కొన్నేళ్లు ఆలస్యంగా ఇవ్వమనడమే.

నిడివి గురించిన గొడవ కొత్తదేమీ కాదు. 2014 ఏప్రిల్‌లో ‘మాన్యుమెంట్ వ్యాలీ’ అనే మొబైల్ పజిల్ గేమ్ పది అధ్యాయాలతో వచ్చినప్పుడు చిన్నదైపోయిందని సణిగినవారున్నారు. అదే ఏడాది నవంబరులో మరో ఎనిమిది అధ్యాయాలను చేర్చి వాటికి విడిగా డబ్బు చెల్లించమంటే, అందుకు కోపగించి ఒక్క నక్షత్రం రేటింగ్ ఇచ్చినవారూ ఉన్నారు. నన్నడిగితే గోరోగోవాలో తక్కువైనది నిడివి కాదు, కథలోని స్పష్టత. యుద్ధంలో దెబ్బతిన్న నగరమూ, వేర్వేరు వయసుల్లో కనిపించే మనిషీ ఏ వరుసలో ఉన్నారో మొదటిసారి ఆడేటప్పుడు అందదు, ఎందుకంటే దృష్టి అంతా ఆకారాలను వెతకడంమీదే ఉంటుంది. రెండోసారి ఆడితే జవాబులు తెలిసే ఉంటాయి గనుక బొమ్మల్లోని మనుషులు కనబడతారు. గోడలకు వేలాడే పటాలను, బల్లలమీది పుస్తకాలను అప్పుడు దగ్గరగా చూడండి.

సమాధానం – మూడో పెట్టె

నిదానం గారు నిడివి గురించి చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. గళ్లనుడి గారూ, “నేనే విప్పాను” అన్న తృప్తి కావాలంటే 2022లో వచ్చిన ‘పాట్రిక్స్ పారాబాక్స్’ ప్రయత్నించండి. పెట్టె లోపల పెట్టె, ఒక్కోసారి తన లోపల తానే ఉన్న పెట్టె ఉంటుంది. పజిల్‌లు 350కి పైగా ఉన్నా, చాలావాటిలో కదలికలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. పెట్టెలను ఊరికే అటూ ఇటూ తోస్తూపోతే మాత్రం మొదటి కొన్ని లెవెల్స్ దాటి ముందుకు సాగలేరు.