ఏనాటి కూడా, ఏనాటి కీడా?

పరకాల నుంచి
అందరికీ నమస్తే. వారం నుంచి ఒక మాట మనసులో తిరుగుతోంది. మా అమ్మమ్మ మిరపకాయ ఏరడానికి కూలికి పోయేది. పొద్దుగూకి ఇంటికొచ్చి, ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచి, అందులోంచి పిడికెడు తీసి గోడవార ఉన్న గురిగిలో పోసేది. అవి ఆదివారం చర్చికి. పోస్తూ ‘ఏనాటి కూడు ఆనాటికి చాలు తండ్రీ’ అనేది. మొన్న బైబిల్లో మత్తయి 6:34 తీస్తే ‘ఏనాటికీడు ఆనాటికి చాలును’ అని ఉంది. కూడు లేనే లేదు. ఆమెకు చదువు రాదు. నేను తప్పు విన్నానా, ఆమె అట్లా పట్టుకున్నదా?

హనుమకొండ నుంచి
చెల్లెమ్మా, అచ్చులో కలిపి వేయడం వల్లే ఈ చిక్కు. ఏనాటి + కీడు అనుకోవచ్చు, ఏనాటికి + ఈడు అనీ అనుకోవచ్చు. ‘కి’ విభక్తి ఏమ్యాదుల్లోదే, అంటే చివరి ఇకారానికి సంధి జరగొచ్చని వ్యాకరణం చెప్పే మాటల్లోదే, కాబట్టి సంధికి అడ్డు లేదు. ఈడు అంటే సాటి, తగినది. ‘ఏ నాటికి తగినది ఆ నాటికి చాలు’ అని నేను ముప్పై ఏళ్లుగా చదువుకుంటున్నాను. మీ అమ్మమ్మ చెప్పిన దానికి కీడు కంటే ఇదే దగ్గర.

కాజీపేట నుంచి
సంధి కుదిరితే అర్థం కుదిరినట్టు కాదు సార్. గ్రీకులో అక్కడున్నది ‘కకియా’. చెడుగు, కష్టం. ఈడుకు చోటు లేదు. అమ్మమ్మ గారి మాట ఆ వచనంలోది కాదు, పరలోక ప్రార్థనలోది. మేం కాథలిక్కులం ‘నానాటికి కావలసిన మా అన్నము’ అంటాం, మీరు ‘అనుదినాహారము’ అంటారు. అసలు కొట్లాట అక్కడుంది. ఈ ‘నానాటికి’, ‘అనుదిన’ అన్న చోట గ్రీకులో ఉన్న విశేషణం ‘ఎపియూసియోస్’ మత్తయిలో ఒకసారి, లూకాలో ఒకసారి, రెండూ ఈ ప్రార్థనలోనే. సువార్తికులే ఆ మాట పుట్టించారని 3వ శతాబ్దంలోనే ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు అన్నాడు. బైబిలును లాటిన్లోకి మార్చిన జెరోము లూకా దగ్గర ‘ప్రతిదినపు’ అని పెట్టి, మత్తయి దగ్గర వేరే మాట వేశాడు. బైబిల్లో చేరని హెబ్రీయుల సువార్తలో ‘రేపటి’ అని ఉందని కూడా ఆయనే రాశాడు. రేపటి అన్నం ఇవాళే అడుగుతున్నామా అన్నది ఆలోచించాల్సిన సంగతి.

డోర్నకల్ నుంచి
అంత దూరం పోనక్కర లేదన్నా. నిర్గమకాండం 16:4 తీయండి. ‘ఏనాటి బత్తెము ఆనాడు కూర్చుకొనవలెను.’ ఏనాటి, ఆనాడు, అదే నడక. వినికిడితో నేర్చుకున్న మనిషి నోట్లో ఈ రెండూ కలిసిపోవడం ఎంతసేపు? కూలి మనిషికి బత్తెం అంటే కూడే. జీతం నెలకు, బత్తెం పూటకు. ఆకాశం నుంచి దేవుడు కురిపించిన ఆ ఆహారం, మన్నా, మనిషికి ఒక ఓమెరు కొలత, రేపటికి దాస్తే పురుగు పట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు.

హనుమకొండ నుంచి
బత్తెం ఒప్పుకుంటాను. కానీ దేవునితో మాట్లాడేటప్పుడు ‘కూడు’ అంటారా? అది తిట్టులో వాడే మాట.

జనగామ నుంచి
సార్, బమ్మెర మా జిల్లాలోది, కాబట్టి ఊరుకోలేను. పోతన పేర చెప్పుకునే చాటువులో ‘గూళల కిచ్చి యప్పడుపుఁ గూడు భుజించుట కంటె సత్కవుల్ హాలికులైన నేమి’ అని లేదా? కావ్యకన్యను నీచులకిచ్చి ఆ పడుపు కూడు తినేకంటే కవులు నాగలి దున్నుకుంటే ఏమి అని. ఆయనకు పనికొచ్చిన మాట మనకు తక్కువదా?

హనుమకొండ నుంచి
అక్కడ నిందలోనే వచ్చింది కదా, తమ్ముడూ.

జనగామ నుంచి
నింద పడుపుది, కూడుది కాదు. అసలు నాకున్న పేచీ చివరి పాదంతో. ‘నిజదార సుతోదర పోషణార్థమై’ దేనికి చేరుతుంది? చాలామంది హాలికులకు చేరుస్తారు, పెళ్లాం పిల్లల పొట్ట కోసం నాగలి పట్టినా తప్పేమిటని. నేను వెనక్కి చేరుస్తాను. పొట్ట కోసం కావ్యాన్ని అమ్ముకోను అని. అట్లా చదివితే మడక పట్టేవాడికి కూడు ఎవరు పెడతారో చెప్పకుండా వదిలేశాడు. ఆ వదిలెయ్యడంలోనే ఆయన నమ్మకం కనిపిస్తుంది నాకు.

కాజీపేట నుంచి
దూరాన్వయం. ‘హాలికులైన నేమి, కౌద్దాలికులైన నేమి’, అంటే దున్నుకున్నా, దుంపలు తవ్వుకున్నా ఏమి అన్నది పక్కనే ఉండగా వెనక్కి ఎందుకు పోవాలి?

ములుగు నుంచి
అక్కా, మా వైపు కీడు అంటే వేరే లెక్క. ఊరికి కీడు సోకిందంటే ఇళ్లకు తాళాలేసి అందరూ వనానికి పోయి వండుకుంటారు. పొయ్యి ముట్టించే వేళ ఆ మాట నోట ఏ ఆడమనిషి అంటుంది? పాస్టర్ కీడు అని చదివినా ఆమె కావాలనే కూడు చేసి ఉంటుంది. అది తప్పు వినడం కాదు, తెలివి.

పరకాల నుంచి
ఇది నాకు తట్టలేదు. ఇంకొకటి చెప్తాను. ముసురు పట్టి మూడు రోజులు కూలి లేదు. గురిగిలో బియ్యం ఉన్నాయి, ఆమె ముట్టలేదు. ‘ఇంట్లోవే కదా, తియ్యి’ అంటే, ‘ఇచ్చినయి మళ్ల తీస్కుంటరా బిడ్డా’ అన్నది. చీకటి పడ్డాక పక్కింటామె కొంగులో సోలెడు నూకలు తెచ్చింది. వాటిలోంచీ పిడికెడు గురిగిలో పడ్డాయి. ఆ రోజూ అదే మాట.

హనుమకొండ నుంచి
చదువుతుంటే కళ్లు చెమర్చాయమ్మా. అయినా ఆ రోజుకు కీడు కూడా అంతే బాగా అతుకుతుంది. మూడు రోజుల కీడు, దానికది చాలు.

డోర్నకల్ నుంచి
చాలు అనేదా, చాలును అనేదా? చాలును అయితే వాక్యం విని పట్టుకున్నది. చాలు అయితే సొంత మాట.

పరకాల నుంచి
ఆమె నోట ‘సాలు’. ఇప్పుడే పెద్దమ్మకు ఫోన్ చేశాను, ‘కీడే, కూడు ఎట్లయితది’ అన్నది. చిన్నమ్మకు చేస్తే ‘కూడే, నాకు బాగా యాదికుంది’ అంటోంది. ఇద్దరూ ఆ పొయ్యి ముందర పెరిగినవాళ్లే.

హనుమకొండ నుంచి
ఇద్దరినీ అనిపించి, రికార్డు చేసి ఇక్కడ పెట్టు తల్లీ. ‘ఏనాటి’ దగ్గర ఊపిరి ఎక్కడ ఆపుతారో వినాలి.