సమస్యాపూరణం: «నీరు లేని యగడ్తలో నిలిచె నోడ»

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం ఇచ్చాను. మన విశాఖలో ఓడలకు కొదవ లేదు గాని కోట చుట్టూ రక్షణకు తవ్వే అగడ్తను చూసినవారు తక్కువ. అందుచేత పూరణతో పాటు ఆ మాట పుట్టుకను గురించి కూడా రెండు వాక్యాలు రాయవలసిందిగా మనవి.

గాజువాక సభ్యుడు:
కడలి విడిచిన నౌకను కట్టి యుంచి
తూము తలుపులు మూయించి తోడ నీరు
రంగు లద్దెడి పనివారి రాక కొఱకు
నీరు లేని యగడ్తలో నిలిచె నోడ.
ఓడను లోపలికి తెచ్చి, నీరు తోడేసి మరమ్మతు చేసే షిప్‌యార్డు డ్రై డాకును మనసులో పెట్టుకొని రాశాను.

నిర్వాహకుడు: ఊహ బాగుంది. ‘నౌకను’ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, కనుక తరువాతి కకారం సరళమైన గకారంగా మారి ‘గట్టి’ అని రావాలి. క, గలకు యతిమైత్రి ఉంది కాబట్టి భంగం లేదు. నౌక, ఓడ పునరుక్తి; ‘దానిని’ అంటే చాలు. అయినా డాకును అగడ్త అనవచ్చునా?

మధురవాడ సభ్యురాలు: అనవచ్చునండీ.
పరిఖ కందకములనెడి పదములందు
త్రవ్వకము దక్క జలమన్న తలపు లేదు
పిల్ల వాడొక బొమ్మను బెట్టె నందు
నీరు లేని యగడ్తలో నిలిచె నోడ.
తమిళంలో ‘అగఴ్’ అంటే తవ్వడం, ‘అగఴి’ అంటే అగడ్త. వారి ఏఴు, కోఴి మనకు ఏడు, కోడి అయినట్టే ఇక్కడా ఴకారం డకారమైంది. పరిఖ అంటే చుట్టూ తవ్వినది. కందకానికి మన కందతో చుట్టరికం లేదు. తవ్వడమనే అర్థమున్న పారసీక ధాతువు ‘కందన్’ నుంచి పుట్టి, అరబ్బీలో ‘ఖందక్’ అయింది. 627లో మదీనా రక్షణకు తవ్విన కందకం ఎండుదే.

గాజువాక సభ్యుడు: అమ్మా, సంస్కృత నిఘంటువైన అమరకోశం ‘ఖేయం తు పరిఖా’ అని దానిని నీటి మాటలుండే వారివర్గంలోనే చేర్చింది కదా. కోట చుట్టూ 14, 12, 10 దండాల (దండం పాత కాలపు పొడవు కొలత) వెడల్పుతో మూడు పరిఖలు తవ్వించమన్న కౌటిల్యుడు వాటిలో తామరలు, మొసళ్ళు ఉండాలన్నాడు. నీరు లేనిదే మొసలి ఎలా బతుకుతుంది?

నిర్వాహకుడు: మొసలికి నీరు కావాలి, మాటకు అక్కరలేదు. మీరు చూపిన ‘ఖేయం’ కూడా తవ్వదగినదనే అర్థమిస్తుంది. నీరు తరువాత వచ్చి చేరింది. కనుక మీ డాకుకు అభ్యంతరం లేదు. సభ్యురాలి పద్యంలో మాత్రం ‘అందు’ అనేది ‘పదములందు’కు అతుక్కొని, పిల్లవాడు బొమ్మను మాటల్లో పెట్టినట్టు ధ్వనిస్తోంది, ‘బెట్టె గోత’ (గోతిలో పెట్టాడు) అంటే అన్వయం కుదురుతుంది.

మధురవాడ సభ్యురాలు: ‘గోత’ అనే మార్చుకున్నానండీ.