మామయ్యను ఫుట్‌పాత్ మీది నుంచి ఎలా తీసుకురావాలి?

పాలమూరు పిల్ల:
మా మేనమామకు 64 ఏళ్లు. ముప్పై ఏళ్లు హైదరాబాద్‌లో సెంట్రింగ్ మేస్త్రీగా చేశాడు. అత్తమ్మ పోయాక తాగుడు ఎక్కువై, కిరాయి కట్టలేక గది పోగొట్టుకుని, ఇప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర మూసేసిన షాపు మెట్ల మీద పడుకుంటున్నాడు. పొద్దున కల్లు కంపౌండ్, సాయంత్రం ఎవరైనా ఇప్పిస్తే క్వార్టర్. పోయిన నెల బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాను, చుక్క ముట్టనివ్వలేదు. రెండో రాత్రి చేతులు వణికి గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు, దుప్పటి నిండా చీమలున్నాయని దులుపుతూనే ఉన్నాడు. ఒక్క చీమ లేదు. తెల్లారేసరికి వెళ్లిపోయాడు. మా ఆయన ‘నీ చేతనైంది చేశావు, ఇక వదిలెయ్’ అంటున్నారు. నన్ను భుజాల మీద జాతరకు మోసుకెళ్లిన మనిషి, ఎట్లా వదిలేయను?

వార్డు నర్సు:
అమ్మా, ఇంట్లో పెట్టి ఒక్కసారిగా మాన్పించే పని మళ్లీ చేయకండి. ఆ చీమలు నటన కాదు. రోజూ తాగే ఒంటికి హఠాత్తుగా ఆపితే రెండు మూడు రోజుల్లో అట్లా లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా వస్తాయి, ఆ వయసులో ప్రాణం మీదికి వస్తుంది. పైగా కల్లు అన్నారు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి కల్లు దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జనం వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల్లో చేరారు, గుర్తుందా? అందుకే డాక్టరుకు క్వార్టర్ సంగతి, కల్లు సంగతి రెండూ చెప్పాలి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లండి, లేదా ఏ పెద్ద సర్కారు దవాఖానాలోనైనా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అక్కడ విటమిన్ బీ1 ఇంజెక్షన్లు ఇస్తారు, వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలిచ్చి వాటి డోసు రోజురోజుకూ తగ్గిస్తూ మాన్పిస్తారు. ఈలోపు రాత్రిపూట అట్లా అయితే 108కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయొద్దు.

సీతాఫల్‌మండి తమ్ముడు:
అక్కా, మా నాన్న రెండుసార్లు డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చి మళ్లీ తాగాడు. మందుల చీటీ చేతిలో పెట్టి అదే అడ్డాకు పంపితే ఇంకేమవుతుంది? మూడోసారి డిశ్చార్జ్ అయ్యేలోపే చిన్న గది చూసి పెట్టాం, అప్పుడు నిలబడ్డాడు. కాగితాల పని కూడా ఇప్పుడే మొదలుపెట్టు. ఆధార్ పోయి నాన్న ఆసరా పింఛను ఆగిపోయింది. నెలకు 2016 రూపాయలే అయినా ఆయనకు అది సొంత డబ్బు కదా. సిమెంటులో అరిగిపోయిన చేతులు, మెషీన్ మీద ఎన్నిసార్లు పెట్టినా వేలిముద్ర పడలేదు. బొటనవేలు నావైపు తిప్పి ‘ఇది నాది కాదంటున్నదిరా’ అన్నాడు, ఆ రోజు ఏడుపొచ్చేసింది. చివరికి కళ్లు స్కాన్ చేస్తే పనైంది. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, అడుగు.

రాత్రి షెల్టర్:
నేను కొన్నాళ్లు నిరాశ్రయుల షెల్టర్‌లో పనిచేశాను. లక్ష జనాభాకు ఒకటి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పినా అన్ని ఎక్కడున్నాయి! ముందు మీరే వెళ్లి చూసి రండి, బాత్‌రూమ్ ఎంత దూరమో, మెట్లున్నాయో చూడండి, ముసలివాళ్లకు అవే సమస్య. ‘మానేస్తేనే చోటిస్తాం’ అంటే ఎవరూ రారు. తల దాచుకునే చోటు దొరికితేనే మానే ఓపిక వస్తుంది. ఇంకోటి, ఆయన దగ్గర సంచి ఉంటుంది, దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారని రాత్రంతా సరిగా నిద్రపోరు. దాన్ని లాక్కోవద్దు, పారేయమని చెప్పొద్దు. పొద్దున్నే కంపౌండ్ తెరవకముందు వెళ్లండి.

పాలమూరు పిల్ల:
అందరికీ దండాలు. ఇవాళ ఆరింటికే టీ, ఇడ్లీ పట్టుకుని వెళ్లాను. సంచి నిజంగానే తల కింద ఉంది, అందులో సుత్తి, టేపు, తూకం గుండు, అత్తమ్మ ఫొటో. మానెయ్ అని ఒక్క మాట అనలేదు. చాలాసేపటికి తనే అడిగాడు, ‘దవాఖానాల సంచి పెట్టుకోనిస్తరా?’ అని. పెట్టుకోనిస్తారు, నేను పక్కనే ఉంటా అన్నాను. సోమవారం ఓపీకి వస్తానన్నాడు. నర్సు గారూ, సంచి లోపలికి రానిస్తారు కదా?