కాలేజీలో ‘నేను నేనుగా’ ఉండటం: అస్తిత్వవాదం చదివినవాళ్ల అనుభవాలు కావాలి

రెండో_ఏడాది
డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. హాస్టల్ గదిలో ఒకలా, క్లాసులో ఒకలా, ఇంటికి ఫోన్ చేస్తే ఇంకోలా మాట్లాడతాను. మొన్న గదిలో అందరూ ఒక లెక్చరర్‌ని వెక్కిరిస్తుంటే నేనూ నవ్వాను. నిజానికి ఆయన పాఠమంటే నాకు చాలా ఇష్టం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ మధ్యే ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ గురించి చదివాను. కాగితాలు కోసే కత్తి దేనికి పనికొస్తుందో దాన్ని చేసేవాడికి ముందే తెలుసు. మనిషికి అలాంటి నమూనా ఏదీ లేదు, ముందు పుడతాడు, తన పనులతో తనను తాను తయారుచేసుకుంటాడు అంటాడాయన. అస్తిత్వవాదంలో అసలు మాట ఇదేనట. చదువుతుంటే ధైర్యం వచ్చింది. క్లాసుకి వెళ్లేసరికి పోయింది. అసలు నేనెవరో తెలిస్తే కదా నేనుగా ఉండేది? దీన్ని రోజువారీ బతుకులో ప్రయత్నించినవాళ్లు చెప్పండి.

చివరి_బెంచీ
నా పేరు చూశారుగా, మూడేళ్లు అదే నా వేషం. చదవనివాడిగా పేరు పడ్డాక ఆ పేరు నిలబెట్టుకోవడానికే ఎంతో కష్టపడ్డాను. లైబ్రరీకి వెళ్లాలంటే ఎవరూ లేని వేళ చూసుకునేవాణ్ణి.

సార్త్ర్ 1943 నాటి పుస్తకంలో ఒక కాఫీ హోటల్ వెయిటర్ వస్తాడు. నడక కాస్త ఎక్కువ చురుగ్గా, వంగడం కాస్త ఎక్కువ వినయంగా, వెయిటర్ తప్ప తానింకేమీ కానట్టు ఉంటాడు. దాన్ని ఆయన ఆత్మవంచన అన్నాడు. అది చదివి పుస్తకం మూసేశాను, నన్నెవరో చూసేసినట్టు అనిపించింది.

ఫిలాసఫీ_ఎంఏ
తమ్ముడూ, ‘అసలు నేనెవరో’ అన్న ప్రశ్న దగ్గరే ఇరుక్కుపోతున్నావు. లోపలెక్కడో ఒక ‘అసలు నువ్వు’ దాక్కుని ఉన్నాడని సార్త్ర్ ఒప్పుకోడు. వెక్కిరింపుకి నవ్విందీ నువ్వే, నిద్రపోకుండా బాధపడిందీ నువ్వే. రేపు అదే గదిలో ఏం చేస్తావన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఆత్మవంచన రెండు రకాలు. ‘నేనింతే, మారలేను’ అనడం ఒకటి. పుట్టిన ఇల్లు, డబ్బు, ఆరోగ్యం, ఇప్పటిదాకా చేసిన పనులు ఇవేవీ లేనట్టు ‘నేనేమైనా అయిపోగలను’ అనడం రెండోది. ఈ రెండో దాని గురించి ఎవరూ హెచ్చరించరు.

ఇంకొకటి. నలుగురిలో కలిసిపోయి బతకడం గురించి జర్మన్ తత్వవేత్త హైడెగర్ 1927లో చెప్పింది మన భాషలో ఎప్పుడో ఉంది: నలుగురితో నారాయణ. నలుగురూ నవ్వారు, నువ్వూ నవ్వావు. ఆ నలుగురిలో ప్రతివాడికీ మిగతావాళ్లే ఆ ‘నలుగురు’. అడిగి చూస్తే ఎవరూ ఆ నవ్వు నాదే అనరు.

మధ్యలో_ఆపినవాణ్ణి
ఆ రెండో రకం నేను. ‘నాకు నేను నిజాయితీగా ఉండాలి’ అని మూడో సెమిస్టర్‌లో కోర్సు మానేశాను. పెద్ద నిర్ణయం తీసుకున్నానని గర్వపడ్డాను కూడా. రెండేళ్ల తర్వాత ఒప్పుకోగలిగాను, ఒక సబ్జెక్ట్ తప్పుతానేమోనన్న భయానికి నేను స్వేచ్ఛ అని పేరు పెట్టాను. మానేసినందుకు బాధ లేదు. కారణం విషయంలో నాకు నేనే అబద్ధం చెప్పుకున్నందుకు ఉంది.

లైబ్రరీ_మూల
నాదీ ఒక పొరపాటు. మనసులో ఉన్నది మొహం మీద చెప్పడమే నిజాయితీ అనుకుని, నా స్నేహితురాలి కవితలు బాగాలేవని పదిమంది ముందు అన్నాను. తను రాయడం మానేసింది. తర్వాత ఫ్రెంచ్ తత్వవేత్త సిమోన్ ద బోవా రాసింది చదివాను. నా స్వేచ్ఛను కోరుకోవడమంటే ఎదుటివారి స్వేచ్ఛనూ కోరుకోవడమే అని ఆమె 1947లో వాదించారు. వెళ్లి క్షమాపణ అడిగాను. మళ్లీ రాస్తుందో లేదో తెలియదు.

రెండో_ఏడాది
అందరికీ థాంక్స్. అసలు సంగతి మొదటే చెప్పాల్సింది. ఈ కోర్సు నాన్న ఎంచుకున్నది. మారాలని ఉంది. మారాలా వద్దా?

ఫిలాసఫీ_ఎంఏ
1945లో పారిస్‌లో చేసిన ప్రసంగంలో సార్త్ర్ తన విద్యార్థి సంగతి చెప్పాడు. అన్న యుద్ధంలో చనిపోయాడు, తల్లికి ఇతనొక్కడే దిక్కు. ఇంగ్లండ్ వెళ్లి పోరాడే ఫ్రెంచ్ సేనలో చేరాలా, తల్లి దగ్గరే ఉండాలా అని అడిగాడు. నువ్వు స్వేచ్ఛాజీవివి, ఎంచుకో అన్నాడు సార్త్ర్. ఇది తప్పించుకునే జవాబని మొదట నాకు కోపం వచ్చింది. కానీ అదే ప్రసంగంలో ఇంకో మాట ఉంది: ఎవరిని సలహా అడగాలో ఎంచుకోవడంలోనే మనం సగం నిర్ణయం తీసేసుకుంటాం. నువ్వు నాన్నను అడగకుండా మమ్మల్ని ఎందుకు అడిగావు?

రెండో_ఏడాది
ఈ ప్రశ్నకు నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను. ఇక్కడ ‘మారిపో’ అంటారని అడిగాను. అంటే మారాలని ముందే అనుకున్నాను, ఆ బరువు మీ మీద పెట్టాలని చూశాను.

నిన్న గదిలో మళ్లీ ఆ లెక్చరర్ మాట వచ్చింది. ఆయన క్లాస్ నాకిష్టం అన్నాను. ఒకడు వింతగా చూశాడు, తర్వాత మాట క్రికెట్ మీదికి మళ్లింది. ఇంతకాలం భయపడింది దీనికా అనిపించింది.

ఆదివారం నాన్నతో మాట్లాడతాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

లైబ్రరీ_మూల
నేను మా ఇంట్లో ‘నాకు భయంగా ఉంది, అయినా చెప్తాను, పూర్తయ్యేదాకా వినండి’ అని మొదలుపెట్టాను. కాగితం మీద రాసుకుని వెళ్లాను. రెండో వాక్యం దాకానే చదవగలిగాను, మిగతాది వాళ్లే అడిగారు.