అప్‌డేట్: మా తమ్ముడికి సరిపడే జీన్స్ దొరికింది

ఆరడుగుల మూడంగుళాల మా తమ్ముడికి చీలమండ దాకా వచ్చే జీన్స్ విశాఖలో ఎక్కడ దొరుకుతుందని పోయిన నెల అడిగాను. దొరికింది! జగదాంబ కూడలిలో ఎన్ని దుకాణాలు తిరిగినా పొడవు 32 అంగుళాలు దాటలేదు. నడుము పెద్ద సైజు తీసుకోమన్న సలహా మాత్రం దయచేసి ఎవరికీ ఇవ్వకండి, నడుము దగ్గర జారిపోతుంది తప్ప కాలు నిండదు. అసలు మేలు చేసింది టేపు. వాడికి బాగా సరిపోయే ప్యాంటు పరిచి, కాళ్ల మధ్య కుట్టు నుంచి అంచు వరకు కొలిస్తే 35 వచ్చింది. ద్వారకానగర్‌లో లేబుల్ మీద ‘ఎల్ 36’ (అంటే కాలి పొడవు 36 అంగుళాలు) అని ఉన్న జత కనిపించగానే కొనేశాం. నూలు డెనిమ్ ఉతికితే కుంచించుకుపోతుంది కనుక రెండుసార్లు ఉతికాకే అంచు కుట్టించాం. మిగిలిన గుడ్డ కత్తిరించకుండా లోపలికి మడవమని దర్జీకి చెప్పాను, వాడింకా పెరుగుతున్నాడు!